పొలంలో దొరికిన వరహా... విలువ కట్టేదెవరు?

కరగబెడితే ఒక ధర, కలెక్టరుకిస్తే ఇంకో ధర
నెల్లూరు రోమన్‌ నాణేల నాటి నుంచీ ఇదే తంతు

కవరైపేట్టై: జేసీబీ బకెట్‌ పైకి లేస్తుంది. ఏరి మట్టి టిప్పర్‌లోకి జారుతుంది. ఎండలో ఏదో తళుక్కుమంటుంది. డ్రైవరు దిగి, ఏరి, చొక్కాకు తుడిచి చూస్తాడు. చింతగింజంత బంగారు నాణెం! ఇలా జరిగిందనే అనుకుందాం. ఆ సాయంత్రం బజారులో అతని నోట వచ్చే మాట ఒక్కటే.

'ఇది ఎంత పోతుందన్నా?'

అడగడం సులువే. జవాబులే ఒకదానితో ఒకటి పొసగవు. నగల దుకాణం ఒక లెక్క చెబుతుంది. పాత నాణేలు సేకరించేవాడిది ఇంకో లెక్క. సర్కారు చట్టానిది వేరే లెక్క. ఆ నాణెం ఏ మట్టిలో, ఎంత లోతులో, దేని పక్కన పడి ఉందో తెలుసుకోవాలనుకునే పురావస్తు శాఖకు డబ్బుతో పని లేదు. వీటిలో ఏ జవాబు ముందు చెవిన పడిందన్నదాన్ని బట్టే నాణెం మిగలడమో, మూసలో కరిగిపోవడమో తేలిపోతుంది.

సరిహద్దు మట్టి

కవరైపేట్టై చుట్టుపక్కల ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. చెన్నై-గూడూరు రైలుమార్గం, కోల్‌కతా జాతీయ రహదారి రెండూ పొన్నేరి దాటాక ఈ ఊరిని ఒరుసుకునే గుమ్మిడిపూండి వైపు సాగుతాయి. పడమరకు వెళితే సత్యవేడు. ఇవాళ అది తిరుపతి జిల్లా. 1960 ఏప్రిల్‌ 1కి ముందు ఇటువైపు చెంగల్పట్టు జిల్లాలోదే. గీత గీసింది మనుషుల మధ్య గానీ మట్టికి ఆ సంగతి తెలియదు. పిచ్చాటూరు నుంచి వచ్చే ఆరణియారు రెండు రాష్ట్రాలనూ తడిపి పులికాట్‌ సరస్సులో కలుస్తుంది.

ఈ మట్టి మీదుగా డబ్బు నడిచింది కూడా. తూర్పున పులికాట్‌లో డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో గెల్డ్రియా కోట కట్టుకుని, అక్కడే టంకశాల పెట్టి బంగారు వరహాలు కొట్టారు. పడమటి కొండల వెనక చంద్రగిరి. విజయనగరపు చివరి రాయల రాజధాని. దక్షిణాన మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ టంకశాల. ఈ మూడింటి మధ్య అద్దకం గుడ్డల వ్యాపారులు తిరిగారు. తమిళనాట తెలుగు బలిజలకు 'కవరై' అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. బ్యాంకులు లేని కాలంలో కుండే బ్యాంకు, నేలే లాకరు. దాచినవాడు తిరిగొస్తే తీసుకున్నాడు. రానివాడిది అలాగే ఉండిపోయింది.

ఇప్పుడా నేలను జేసీబీలు తవ్వుతున్నాయి. ఇళ్ల స్థలాలకు, రోడ్లకు, కార్ఖానాలకు మట్టి కావాలి. దానికి తోడు ఆన్‌లైన్‌లో మెటల్‌ డిటెక్టర్లు అమ్మకానికి ఉన్నాయి. విదేశాల్లో పొలాల్లో నాణేలు తీస్తున్న వీడియోలు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి.

గీటురాయి లెక్క

మొదట నగల దుకాణం సంగతి. కంసాలికైనా, 'క్యారెట్‌ మీటరు' పెట్టుకున్న పెద్ద షాపుకైనా కావలసింది రెండే. బరువు, మచ్చు. ఎవరు కొట్టించారు, ఎప్పటిది అన్న ప్రశ్న అక్కడ రాదు.

మన వైపు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్న నాణేల్లో ఒకటి 'స్టార్‌ పగోడా'. ఒకవైపు విష్ణుమూర్తి, రెండోవైపు ఇసుక రేణువుల్లాంటి చుక్కల నడుమ నక్షత్రం. 18వ శతాబ్దంలో మద్రాసు ఇంగ్లీషు కంపెనీ కొట్టించింది. బరువు సుమారు 3.4 గ్రాములు. అంటే సగం సవరన్‌ కూడా లేదు. అందులో మేలిమి 80 శాతం దగ్గర. లెక్క సులువుగా ఉండడానికి మేలిమి గ్రాము పది వేల రూపాయలనుకుందాం. 2.72 గ్రాముల మేలిమికి రూ.27,200. దుకాణదారు తరుగు తీస్తాడు. బిల్లు లేని సరుకు కాబట్టి ఇంకాస్త కోస్తాడు. 'ఎక్కడిది?' అని అడగనందుకు అతను తీసుకునే కమీషన్‌ అది.

ఈ లెక్క వినగానే చాలామంది 'సరేలే, ఇచ్చెయ్‌' అంటారు. రాత్రికి మూస. తెల్లారికి ముక్కుపుడకో, ఉంగరమో!

నెల్లూరు రైతు కుండ

ఇది ఇవాళ్టి అలవాటు కాదు. సరిగ్గా ఇదే కథ రెండు వందల ఏళ్లు దాటిన కాగితం మీద ఉంది. మద్రాసుకు కొన్నాళ్లు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్‌ డేవిడ్‌సన్‌ 1787లో ఒక లేఖ రాశాడు. కలకత్తా ఆసియాటిక్‌ సొసైటీ తన పరిశోధనా సంపుటం రెండోదానిలో దాన్ని అచ్చు వేసింది.

నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల కొండ వాలులో దున్నుతున్నాడు. నాగలికి ఇటుకల కట్టు అడ్డం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద చిన్న కుండ. అందులో రోమన్‌ చక్రవర్తుల బంగారు నాణేలు. క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటివి. అతను వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్‌ ఉమరా చెవిన ఈ సంగతి పడి మిగిలినవి రాబడితే ముప్ఫైకి పైగా చేతికొచ్చాయి. కొన్ని నిన్న కొట్టినట్టు కొత్తగా ఉన్నాయట. కొన్నింటికి బెజ్జాలు ఉన్నాయట. ఎవరో మెడలోనో చేతికో వేసుకున్నవని డేవిడ్‌సన్‌ ఊహ. కాసుల పేరు వేసుకునే మనకు ఆ ఊహ కష్టమేం కాదు.

కుప్ప మొత్తంలోంచి రెండు ఏరుకునే అవకాశం గవర్నరుకు దక్కింది. హేడ్రియన్‌ చక్రవర్తిది ఒకటి, ఫౌస్టీనా రాణిది ఒకటి ఎంచుకున్నాడు. తెలిసినవాడు కదా!

హేడ్రియన్‌ కాలపు రోమన్‌ బంగారు నాణెం 7.2 గ్రాముల దాకా తూగుతుంది. దాదాపు మేలిమి బంగారం. పైన అనుకున్న ధరకే లెక్కేస్తే కరగబెట్టినవాడికి రూ.72 వేలు. అదే నాణెం చెక్కు చెదరకుండా విదేశీ వేలంలోకి వస్తే లక్షల్లోనే పలుకుతుంది. అంటే రైతు పోగొట్టుకున్నది పిసరంత కాదు. పైగా ఆ గుడి ఏదో, దానికింద రోమన్‌ డబ్బు ఎందుకు పెట్టారో చెప్పే ఆనవాలు కూడా కుండతోనే పోయింది. మిరియాలకు, ముత్యాలకు, సన్నబట్టకు రోము సొమ్ము ఏటా తూర్పుకు తరలిపోతోందని ఆ దేశపు పండితుడు ప్లీనీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. ఆ సొమ్ములో కొంత నెల్లూరు కొండ వాలుకు చేరిందనడానికి సాక్ష్యం ఆ ముప్ఫై నాణేలే.

పుదుక్కోట్టై సంస్థానంలో కరుక్కాకురిచ్చి వద్ద 1898లో దొరికిన కుండకు ఈ గతి పట్టలేదు. అందులో 501 రోమన్‌ బంగారు నాణేలు. చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. కంసాలి కొట్టుకు వెళ్లి ఉంటే ఆ గాటు ఎవరికి కావాలి? కరగకుండా మిగిలాయి కాబట్టే ఆ గాటు ఎందుకు పెట్టారని పండితులు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు.

ముఖం చూసి ధర

నాణేలు సేకరించేవాళ్లు బరువు చూస్తారు గానీ అక్కడితో ఆగరు. ఏ రాజుది, ఏ టంకశాలది, ఇలాంటివి ఎన్ని మిగిలాయి, బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది... ఇవీ వాళ్ల ప్రశ్నలు.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. పేరు గొప్పదైతే ధర గొప్పగా ఉంటుందనుకుంటారు. కృష్ణదేవరాయల వరహా అంటే అపురూపం అని మన నమ్మకం. కూర్చున్న బాలకృష్ణుడి బొమ్మ, వెనక నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని మూడు వరుసలు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ రాయలు తక్కువేం కొట్టించలేదు. ఈనాటికీ బాగానే దొరుకుతాయి. కమాను కింద వేంకటేశ్వరుడు నిలబడి, వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని ఉండే వేంకటపతిరాయల కాలపు వరహాలు మన చంద్రగిరి పాలన గుర్తులు. ఇంగ్లీషు కంపెనీ తొలినాళ్లలో మద్రాసులో కొట్టించినది 'మూడు స్వాముల వరహా'. స్వామి, ఇరువైపులా ఇద్దరు దేవేరులు. 1808 తర్వాత యంత్రం మీద కొట్టిన గోపురం బొమ్మ పగోడా ఇంకో రకం. వీటన్నిటినీ కుప్పగా పోస్తే బంగారంలో తేడా కొద్దిగానే ఉంటుంది. ధరలో తేడా మాత్రం చాలా ఉండొచ్చు.

ఇక పణం. మినపగింజంత ఉంటుంది. అర గ్రాము కూడా తూగదు. మద్రాసులో ఒక స్టార్‌ పగోడాకు 42 పణాలు, పణానికి 80 కాసులు లెక్క. 1818లో మద్రాసు రాజధాని రూపాయికి మారినప్పుడు వంద పగోడాలకు 350 రూపాయలని కట్టారు. ఆ లెక్కన ఒక వరహా అప్పట్లో మూడున్నర రూపాయలు.

నాణేన్ని చింతపండుతో తోమడం, బ్రష్‌ పెట్టి రుద్దడం, బ్లేడుతో గీకి చూడడం... దొరికినవాడు మొదట చేసే పనులు ఇవే. ప్రతి గీతా ధరలో కోతే. కొక్కెం అతికించినా, బెజ్జం వేసినా అంతే. బంగారానికి చిలుము పట్టదు. మంచినీళ్లతో మట్టి వదిలితే చాలు.

పది రూపాయల చట్టం

సర్కారు లెక్క వీటికి అతీతం. గుప్తనిధుల చట్టం వచ్చింది 1878లో. నేలలో దాగిన విలువైనది ఏదైనా 'నిధి' కిందికే వస్తుంది. పది రూపాయలకు మించిన విలువ ఉంటే చాలు, దొరికినవాడు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు, సుమారు విలువ ఎంత అన్నవి అందులో ఉండాలి. వస్తువును దగ్గరి ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదంటే కలెక్టరు కోరిన పూచీ ఇవ్వాలి. 1878లో పది రూపాయలంటే దాదాపు మూడు వరహాలు. ఇవాళ పది రూపాయలకు టీ కూడా రాదు! ఆ అంకె మారకపోవడంతో ఒక్క పణం దొరికినా చట్టం వర్తిస్తుంది.

తర్వాత కలెక్టరు ప్రకటన ఇస్తారు. హక్కుదారులు నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా నిర్ణయించిన రోజున హాజరు కావాలి. ఎవరూ తేలకపోతే నిధికి యజమాని లేడని ప్రకటిస్తారు. అప్పుడు దొరికినవాడికి, నేల యజమానికి మధ్య పంపకం. ముందుగా ఒప్పందం ఏదీ లేకపోతే దొరికినవాడికి ముప్పాతిక, స్థలం వాళ్లకు పాతిక.

అసలు మెలిక ఇక్కడుంది. పంపకానికి ముందే ఆ నాణేన్ని సర్కారు తీసుకోదలిస్తే తీసుకోవచ్చు. ఎంతకు? అందులోని లోహం విలువ, దాని మీద ఐదో వంతు. అంతే. అది వేంకటపతిరాయలదా, హేడ్రియన్‌దా అన్నది ధరలోకి రాదు. పైన చెప్పిన స్టార్‌ పగోడాకు రూ.27,200కు రూ.5,440 కలిపి రూ.32,640. దొరికింది కూలీకి, అదీ వేరొకరి పొలంలో అనుకోండి. ముప్పాతిక కింద అతని వాటా రూ.24,480.

అంటే నిజాయితీగా ఆరు నెలలు తిరిగిన కూలీకి బంగారం ధర కూడా పూర్తిగా రాదు. ఎంత అపురూపమైన నాణెమైనా లెక్క ఇంతే, లోహం ధరలో తొంభై శాతం. మన వైపు నాణేలు మూసలో ఎందుకు కరుగుతున్నాయో అడిగితే ఈ కూడికను మించిన జవాబు లేదు.

అలాగని దాచడం తేలిక కాదు. తెలపకపోతే రావాల్సిన వాటా మొత్తం పోతుంది. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిసీ సహకరించిన స్థలం యజమానికీ శిక్ష ఉంది. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశీ వేలం ధరలు చూసి నోరూరినవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. మాట వరసకు చెప్పిన ఆ లక్షలు ఇక్కడ పొలంలో దొరికినదానికి రావు. సర్కారు తీసుకోకుండా నాణేన్నే తిరిగి అప్పగిస్తే మాత్రం అది చట్టబద్ధమైన సొత్తు. దేశంలోనే సేకర్తల ధరకు అమ్ముకోవచ్చు. చేతిలో కలెక్టరు కాగితం ఉన్న నాణేనికి ఆ కాగితమే అదనపు విలువ.

తిరుచ్చి దగ్గర తిరువానైక్కావల్‌ జంబుకేశ్వరాలయంలో 2020 ఫిబ్రవరిలో ఏడడుగుల లోతు తవ్వుతుండగా పాత్రలో 505 బంగారు నాణేలు బయటపడ్డాయి. బరువు 1.716 కిలోలు. అందరి కళ్లముందూ జరిగింది కాబట్టి లెక్కపెట్టి అధికారులకు అప్పగించారు. ఎవరూ లేని పొలం గట్టు మీద ఒక్కడికే దొరికినప్పటి మాట వేరు.

పోయిన సుత్తి

ఇంగ్లండులో ఈ పేచీని ఇంకోలా తీర్చుకున్నారు. 1992 నవంబరులో హాక్స్‌నే అనే ఊళ్లో ఒక రైతు పొలంలో సుత్తి పారేసుకున్నాడు. స్నేహితుడు ఎరిక్‌ లాస్‌ మెటల్‌ డిటెక్టరుతో వెతకబోతే రోమన్‌ నాణేలు తగిలాయి. ఆయన మొత్తం తవ్వేయలేదు. ఆపి, కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి పెట్టె అమరిక చెదరకుండా తీశారు. 14,865 నాణేలు, అందులో 569 బంగారువి. 17.5 లక్షల పౌండ్లు విలువ కట్టి ఇచ్చారు. లాస్‌ దాన్ని రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదీ బ్రిటిష్‌ మ్యూజియంలోనే ఉంది.

అక్కడి 1996 చట్టం కింద నిపుణుల కమిటీ మార్కెట్‌ ధర కడుతుంది. లోహం ధర కాదు. చట్టం పరిధిలోకి రాని విడి నాణెమైతే దొరికినవాడే అమ్ముకోవచ్చు. 2021లో డెవన్‌ ప్రాంతంలో ఒకరికి డిటెక్టరుతో మూడో హెన్రీ రాజు బంగారు పెన్నీ దొరికింది. మూడు గ్రాములు కూడా నిండని నాణెం. అలాంటివి ప్రపంచంలో పది కూడా లేవు. 2022 జనవరి వేలంలో ఖర్చులతో కలిపి 6,48,000 పౌండ్లు పలికింది. మన లెక్కలో ఆరున్నర కోట్లు! ఆ వీడియోలు చూసి ఇక్కడ డిటెక్టరు కొంటున్నవాళ్లు చూడనిది ఆ చట్టాన్ని.

మోత మోగితే బంగారమేనా?

యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. చుట్ట లోంచి వెలువడే అయస్కాంత క్షేత్రానికి నేలలోని లోహం స్పందిస్తే మోత మోగుతుంది. విడి నాణేన్ని సాధారణ యంత్రం జానెడు లోతు దాకా పడుతుంది. చిన్న బంగారు ముక్కకు, సిగరెట్‌ పెట్టె రేకుకు దాదాపు ఒకే మోత. 'ముప్ఫై అడుగుల లోతు బంగారం చూపిస్తుంది' అని అమ్మేది యంత్రం కాదు, మోసం. రక్షిత కట్టడాల స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారులే దగ్గరుండి నిధికోసం తవ్వించారు. నిధి రాలేదు.

దొరికినవాడి కంటే కొన్నవాడు మునిగిన కథలు సరిహద్దులో ఎక్కువ. 'పునాది తవ్వుతుంటే దొరికాయి' అంటూ ఒక అసలు ముక్క చూపించి, సంచెడు ఇత్తడి అంటగట్టే ముఠాలు పాతవే. హనుమంతుడి బొమ్మతో 'ఈస్టిండియా కంపెనీ 1818' అని ఉండే రాగి నాణెం బియ్యాన్ని లాగుతుందంటూ లక్షలు గుంజే 'రైస్‌ పుల్లింగ్‌' సంగతి తెలిసిందే. అసలు కంపెనీ అలాంటి నాణెం కొట్టించనే లేదు. శ్రీరామ పట్టాభిషేకం ఉన్న రామటెంకెలు పూజకు చేసిన బిళ్లలు. వాటి మీది పాత సంవత్సరాలు నమ్మదగినవి కావు. పోత పోసిన దొంగ వరహాలకు అంచున అతుకు గీత, ఉపరితలం మీద సూది బెజ్జాల్లాంటి గుంటలు కనిపిస్తాయి. తూకం కూడా సరిపోదు.

దొరికితే...

నాణెం కనబడితే అక్కడే తవ్వడం ఆపాలి. ఉన్నచోటే ఫోన్‌తో ఫొటో తీయాలి. పక్కన కుండపెంకులుంటే వదిలేయకూడదు. కాలం చెప్పేవి అవే. బజారుకు వెళ్లకుండా గ్రామ పాలనాధికారికి చెప్పి, తహసీల్దారు ద్వారా కలెక్టరు పేరిట అర్జీ పెట్టాలి. గీతకు ఇటుపక్క దొరికితే తిరువళ్లూరు కలెక్టరు, సత్యవేడు, తడ వైపు దొరికితే తిరుపతి కలెక్టరు. విలువ దగ్గర 'బంగారు నాణెం, ఇంత బరువు' అని రాస్తే చాలు, రాజు పేరు ఊహించనక్కర్లేదు. పోల్చి చెప్పడానికి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో నేలలో దొరికిన నాణేలు బోలెడు.

అప్పగించేటప్పుడు బరువు గ్రాముల్లో, చుక్క తర్వాత రెండంకెల దాకా రాయించుకోవాలి. రెండువైపులా ఫొటో అర్జీకి జత చేయాలి. రసీదు అడిగి తీసుకోవాలి. పొలం ఇంకొకరిదైతే ఆ అర్జీ మీద ఇద్దరి సంతకాలూ ఉంటే పంపకంనాడు గొడవ ఉండదు.